ఆరుసార్లు తెడ్డు నేర్చుకున్న హీరో

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న ఫోన్లు కాదు, వాటికి ముందువి. గట్టి మీటలు, అగ్గిపెట్టెంత తెర. ఆ ఫోన్లలో భద్రాచలం నుంచి బొంబాయి దాకా లక్షల మంది ఆడిన ఒక ఆటకు కథ రాసినవాణ్ణి నేను. ఒకటి కాదు, ఆరు భాగాలు. కథా విభాగానికి అధిపతిని.

లక్షలన్నాను కదా, వేలనుకోండి. బొంబాయి సంగతి నాకు తెలియదు. భద్రాచలం సంగతి మాత్రం తెలుసు, ఎందుకంటే అటు వెళ్లే బస్సులో ఒక కండక్టర్ ఆడేవాడు. కథా విభాగం అంటే వంకర కాలున్న ఒక ప్లాస్టిక్ కుర్చీ. అధిపతినీ నేనే, సిబ్బందినీ నేనే. వయసు మళ్లినవాడికి మిగిలే సరదా కాస్త ఊది చెప్పడమే. ఊదిన దాన్ని నేనే సూదితో పొడుస్తాను కూడా, కాబట్టి నన్ను నమ్మవచ్చు. ఒక్క రోజు సంగతి మాత్రం పదిహేనేళ్లకు పైగా ఊదుతూనే ఉన్నాను, ఇంతవరకు పొడవలేదు. కథలు రాసే ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీకోసం ఇప్పుడు పొడుస్తాను.

పాల్వంచ కరెంటు కంపెనీ స్టోర్సులో క్లర్కుగా చేసేవాణ్ణి. బోల్టులు లెక్కపెట్టడం నా ఉద్యోగం, నాటకాలు రాయడం నా జబ్బు. ఏటేటా భద్రతా వారోత్సవాలకు కాలనీ స్టేజీ మీద నా నాటకమే. అందులో ఒక కార్మికుడు హెల్మెట్ పెట్టుకోడు. తల పగులుతుంది. ఆఖరి రంగంలో కట్టుతో వచ్చి, పెళ్లాం పిల్లల ముందు ఒట్టు వేస్తాడు. జనం కళ్లు తుడుచుకుంటారు. మరుసటి ఏడు అదే మనిషి, అదే పేరు, మళ్లీ వట్టి తలతో వచ్చేవాడు. పదకొండేళ్లు అతను హెల్మెట్ పెట్టుకోలేదు. పోయినేడు ఒట్టు వేశావు కదరా అని ఒక్కరూ అడగలేదు. ఏ ఏటి నాటకం ఆ ఏటిదే. చప్పట్లు కొట్టి, లడ్డూ తిని, ఎవరి షిఫ్టుకు వాళ్లు పోయేవారు. కథ అంటే ఇంతే అని నా చేతికి అలవాటైపోయింది. నా కొంప ముంచింది ఆ అలవాటే. నా ఒక్కడి కొంపే అయితే ఇది రాసేవాణ్ణి కాదు.

ముందుగానే రిటైర్మెంట్ తీసుకున్నాను. రెండువేల ఐదో, ఆరో. హైదరాబాదులో ఫోన్ ఆటలు తయారుచేసే ఒకాయన, మా వైపు మనిషే, ఇక్కడ కిరాయిలు తక్కువ, జీతాలు ఇంకా తక్కువ అని పాల్వంచ బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం మీద రెండు గదులు తీసుకున్నాడు. ఎవరో నా నాటకాల గురించి చెప్పారట, కబురు పెట్టాడు.

అక్కడ మేము ముగ్గురమే. సత్తుపల్లి నుంచి వచ్చిన అమ్మాయి ఇంజనీరింగ్ చదివింది, ఆట నడిచే ప్రోగ్రాం రాసేది. నోరు కత్తి. బొమ్మలు వేసేది సారపాక నుంచి రోజూ బస్సులో వచ్చే పెయింటర్. పాతికేళ్లు దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని ఎండిపోయాక, బ్రష్షు వదిలి మౌస్ పట్టాడు. ఆ చిన్న తెర మీద ఒక మనిషి అంటే ముప్పై చుక్కల ఎత్తు. ముక్కుకు ఒక చుక్క, కంటికి ఒక చుక్క. ఆయన ఒక్క చుక్క జరిపితే బొమ్మ నవ్వేది, ఇంకో చుక్క జరిపితే ఏడ్చేది.

కథ నాది. పట్నం కుర్రవాడు ఒకడు అడవికి వస్తాడు, కలప దొంగల వెంట పడతాడు. వాడికి నీళ్లంటే భయం. గోదావరి దాటాలి. రేవులో పడవాయన "తెడ్డు గట్టిగ వట్టు బిడ్డా" అని నేర్పుతాడు. భయం పోతుంది. దొంగల నాయకుడు గోదావరిలో పడి కొట్టుకుపోతాడు. శుభం.

అది బాగా అమ్ముడుపోయింది. రెండో భాగం కావాలన్నారు. అమ్మాయి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

"మాస్టారూ, రెండోది ఆడేవాడు మొదటిది ఆడి ఉండకపోవచ్చు. ఏ మీట నొక్కితే పడవ కదులుతుందో మళ్లీ చెప్పాలండి."

"చెప్తం. పడవాయన మళ్ల నేర్పుతడు."

"హీరోకి వచ్చేసింది కదండీ?"

"మర్సిపోయిండు."

"ఎలా?"

"చెట్టు మీదికెల్లి పడ్డడు."

ఆమె నన్ను ఒక క్షణం చూసి, నవ్వి, వెళ్లి అలాగే రాసింది. మూడో భాగంలో జ్వరం వచ్చి మరిచిపోయాడు. నాలుగో భాగంలో దొంగలు తల మీద కొట్టారు. ఐదో భాగానికి కారణం చెప్పడం కూడా మానేశాను. కొట్టుకుపోయిన నాయకుడు ప్రతిసారీ చొక్కా కూడా తడవకుండా తిరిగి వచ్చేవాడు. కుర్రవాడు ప్రతిసారీ భయపడేవాడు, ప్రతిసారీ ధైర్యం తెచ్చుకునేవాడు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. పదకొండేళ్లు హెల్మెట్ పెట్టుకోనివాణ్ణి రాసినవాణ్ణి, నాలుగుసార్లు తెడ్డు మరిచిపోయేవాణ్ణి రాయలేనా?

ఐదో భాగం వచ్చిన కొత్తలో ఒకరోజు పని మీద భద్రాచలం వెళ్తూ పెయింటర్ ఎక్కే బస్సే ఎక్కాను. ఆయన నన్ను కండక్టర్‌కు చూపించాడు.

"ఈయనేనా కథ రాసేది?" అని కండక్టర్ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. "సారూ, మీ హీరోను ఏదన్న దవాఖానల సూపియ్యుర్రి. ఏడాదికి రెండుమార్లు మతి పోతాంది ఆయనకు."

ముందు సీట్ల వాళ్లు నవ్వారు.

"గది పక్కకు వెట్టుర్రి. రెండో దాంట్ల ఆయన చెల్లెను దొంగలు ఎత్తుకపోయిన్రు గదా. మూడో దాంట్ల ఆమె ఊసే లేదు. దొరికిందా, లేదా?"

హీరోకు చెల్లెలుందన్న సంగతే నాకు గుర్తు లేదు. కానీ రచయితను.

"పెండ్లి చేసిన్రు," అన్నాను.

"ఎవ్వలికి? ఎత్తుకపోయినోనికేనా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. పెయింటర్ నవ్వలేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు అన్నాలు తిన్నాక పిలిచాడు. "సారూ, ఒక్కసారి ఇటు సూడుర్రి."

తెర మీద ఐదుగురు పడవవాళ్లను వరసగా నిలబెట్టాడు, భాగానికి ఒకడు. మొదటివాడు నల్లని జుట్టు, నిటారు మనిషి. రెండోవాడికి చెవి పక్కన రెండు తెల్ల చుక్కలు. మూడోవాడి మీసంలో తెలుపు. నాలుగోవాడి భుజం ఒక చుక్క కిందికి దిగింది. ఐదోవాడు నడుము వంగి, ముప్పై చుక్కల మనిషి ఇరవై ఎనిమిది చుక్కలయ్యాడు. ఐదు భాగాలు నా కళ్ల ముందు తయారయ్యాయి. నేను ఒక్క చుక్క చూడలేదు.

"ఎవలు చెయ్యమన్నరు నిన్ను?"

"ఎవలనలె. ఏండ్లు గడుస్తున్నయ్ గద సారూ. ఆయన ముసలోడు గాడా?"

ఆయనే చెప్పాడు. "మా నాయన పడవ నడిపినోడే. ఒకనాడు తెడ్డు నా చేతిల వెట్టవోయిండు. నేను తీసుకోలె. బోర్డులు రాస్త, నాకెందుకన్న. ఆయన మళ్ల అడుగలె. ఆకరి దాంక ఆయనే ఏసిండు." మౌస్ మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఈయన ఐదుసార్లు నేర్పిండు సారూ. పిలగానికి రాదాయె. నేర్పుకుంటనే సావాల్నా? ఆరో దాంట్ల తెడ్డు వానికిచ్చి, ఈయనను ఒడ్డుకు కూసోనియ్యుర్రి. ఇంకేం అడుగ."

"రాస్త. ఇగ నా మాట," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు అబద్ధమాడలేదు. ఇది మీరు నమ్మాలి.

దారి చూపింది అమ్మాయి. పాత ఆటలో జరిగింది కొత్త ఆటకు తెలియదు, ఫోన్‌లో అంత జాగా లేదు. కాబట్టి ఆడేవాడినే అడుగుదామంది. ఆట మొదట్లో ఒక ప్రశ్న: ఇంతకుముందు ఆడారా? లేదంటే పడవాయన నేర్పుతాడు. అవునంటే తెడ్డు చేతికిచ్చేస్తాడు. ఇంత తేలికైన సంగతి ఐదు భాగాల్లో నాకు తట్టలేదు. దీనికి జాగా కోసం ఆమె ఎగిరే పిట్టలను తీసేసింది, రెండో పాట తీసేసింది.

"మీకు రెండే ముక్కలండి మాస్టారూ. మూడోది రాస్తే ఫోన్ ఆగిపోద్ది."

"ఇగ నువ్వు నడుపు. నేను కూసుంట." ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పెయింటర్ ఎనిమిది బొమ్మలు వేశాడు. తెడ్డు చెయ్యి మారడం. ఎనిమిదో బొమ్మలో తెడ్డు వెళ్లిపోయాక కూడా ముసలాయన చెయ్యి చాపే ఉంటుంది, దించడం మరిచిపోయినట్టు. అది తెర మీద కదిలినప్పుడు, నోరు కత్తి అన్నానే, ఆ అమ్మాయి లేచి వెళ్లి కూజాలో నీళ్లున్నా మళ్లీ నింపుకొచ్చింది.

ఇంతలో మా కంపెనీ సారు హైదరాబాదు నుంచి నాకు ఫోన్ చేశాడు. ఆటలు మునుపటిలా పోవడం లేదట. ఇకనుంచి పాల్వంచలో ఇద్దరే చాలట. ప్రోగ్రాం అమ్మాయి ఎలాగూ కావాలి. "మీరా, పెయింటరా అన్నది నేనొచ్చి ఆట చూసి చెప్తాను. మీరు పెద్దవారు కాబట్టి మీకు చెబుతున్నా. వాళ్లకు చెప్పకండి." నేను చెప్పలేదు. నాకు పెన్షన్ వస్తోంది. ఈ జీతం లేకపోయినా నా ఇంట్లో పొయ్యి ఆగదు. పెయింటర్ ఇంట్లో నలుగురు తినేది దీని మీదే. ఈ రెండు సంగతులూ నాకు తెలుసు.

ఇక ఆ రోజు.

మా బంధువుల పెళ్లిళ్లలో, రిటైరైన క్లర్కుల టీ దుకాణం దగ్గర నేను చెప్పే పద్ధతిలో మొదట చెబుతాను. సారు వచ్చాడు. ఆట చూసి ముఖం చిట్లించాడు. ఈ ముసలివాడెవడు, తీసెయ్యండి అన్నాడు. నేను లేచి బల్ల గుద్దాను. "తీసేయాల్సి వస్తే ముందు నన్ను తీసెయ్యుర్రి. ఈ పెయింటర్ ఆరు భాగాల్ల చేసింది నేను జన్మల చెయ్యలె," అన్నాను. ఎరువుల దుకాణం వాళ్లు కూడా పైకి వచ్చి చూశారు. అయినా ఆయన వినలేదు. లోకం అలాంటిది. ఇక్కడ నేను గొంతు తగ్గిస్తాను, వినేవాళ్లు అయ్యో అంటారు.

జరిగింది ఇది.

సారు మధ్యాహ్నం బస్సు దిగి వచ్చాడు. అమ్మాయి ఫోన్ చేతికిచ్చింది. పెయింటర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. సారు "అవును" నొక్కాడు. ముసలాయన తెడ్డు ఇచ్చాడు. సారు బొటనవేలు ఆగిపోయింది.

"ఇదేంటి? పడవవాడు ఇలా ఉండడే! మొదటి భాగంలో కుర్రాడిలా ఉంటాడు. ఇంత ముసలి ఎప్పుడయ్యాడు?" ల్యాప్‌టాప్ తీసి పాత బొమ్మలన్నీ ఒక్కొక్కటే తెరిచాడు. "ప్రతి దాంట్లో ఒక్కోలా ఉన్నాడు. ఎవరూ చూసుకోలేదా? ఆడేవాడు గందరగోళపడడా? ఇంకో మాట, వీడు తెడ్డు ఇచ్చేసి కూర్చుంటే ఏడో భాగంలో ఎవడు నేర్పుతాడు?"

ఆయన నావైపు తిరిగాడు.

"మాస్టారూ, ఇది మీ కథా, లేక బొమ్మల పొరపాటా?"

రెండింటిలో ఒకటి. ప్రశ్న లోపల ఏముందో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. నా కథ అంటే నేను పోతాను. పొరపాటు అంటే ఆయన పోతాడు. ఎక్కువసేపు ఆలోచించానని చెప్పుకుంటే కొంత గౌరవంగా ఉండేది. ఆలోచించలేదు.

"బొమ్మల పొరపాటు సార్. పాత బొమ్మలతోని సరిచూసుకోలె పెయింటరు. నేను కథల ముసలోడని ఎక్కడ రాయలె."

ఆ చివరి ముక్క అక్షరాలా నిజం. అందుకే అంత తేలిగ్గా వచ్చింది.

సారు పెయింటర్‌ను అడిగాడు. "ఏమయ్యా?"

పెయింటర్ నావైపు చూశాడు. కోపం ఉందేమోనని వెతికాను. లేదు. నేనింకా ఏదో అంటానని ఎదురు చూస్తున్నాడు. నేను కుర్చీ వంకర కాలు సరిచేసుకుంటూ ఉండిపోయాను.

"అవ్ సారూ," అన్నాడు ఆయన. "నేనే గీసిన. నన్నెవలు చెయ్యమనలె."

సాయంత్రం బస్సుకు సారు వెళ్లిపోయాడు. పెయింటర్‌ను ఆ నెలాఖరు దాకా కూడా ఉంచలేదు. ఆయన తన టిఫిన్ డబ్బా, కళ్లద్దాలు సంచీలో పెట్టుకుని, అమ్మాయికి చెప్పి, నాకూ చెప్పి వెళ్లాడు. "పోయొస్త సారూ." అంతే.

తరువాతి రోజు అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. కూర్చోలేదు.

"ప్రశ్న తీసెయ్యాలి. ఆ ఎనిమిది బొమ్మలు తీసెయ్యాలి. మొదటి భాగం పడవవాణ్ణి పెట్టాలి. తీసెయ్యమని చెప్పండి."

"సారు చెప్పిండు గద."

"మీరు చెప్పండి. మీ నోటితో."

"తీసెయ్ అమ్మా."

"పిట్టల్ని మళ్లీ పెడతా," అంది. "జాగా మిగిలిందిగా."

ఆ తరువాత ఆమె నాతో పనికి కావలసినంతే మాట్లాడింది. మాస్టారూ అనడం మానేసి సార్ అంది. రెండు నెలలకు ఆమె కూడా వేరే ఉద్యోగం చూసుకుంది. ఆరో భాగం వచ్చింది. కుర్రవాడు మళ్లీ నీళ్లంటే భయపడ్డాడు. నల్లజుట్టు పడవాయన "తెడ్డు గట్టిగ వట్టు బిడ్డా" అన్నాడు. ఆరోసారి. కొన్నవాళ్లు తక్కువ. ఏడో భాగం రాలేదు. నేను ఏ కుర్చీ కోసం నోరు జారానో, ఆ కుర్చీని గదుల యజమాని కిరాయి బాకీ కింద పట్టుకుపోయాడు.

మీరు ఇప్పుడు చేసే ఆటల్లో, రాసే సీరియళ్లలో పాత్ర ఎందుకు ఎదగలేదని చర్చలు పెడతారని విన్నాను. యంత్రంలో జాగా లేదంటారు, పైవాళ్లు ఒప్పుకోలేదంటారు, చూసేవాడికి అర్థం కాదంటారు. నేనూ ఇవన్నీ అన్నాను. మా దగ్గర జాగా దొరికింది. అర్థమయ్యేలా రెండు ముక్కలూ దొరికాయి. నిలబడాల్సినవాడు నిలబడలేదు. దానికి సాంకేతిక పదం ఏదైనా ఉంటే నాకు తెలియదు.

ఏడాది గడిచాక సారపాకలో పెయింటర్ కనిపించాడు. కాగితం మిల్లుకు కర్ర తెచ్చే లారీలు రోడ్డు పక్కన వరస కట్టి ఉన్నాయి. ఒక లారీ వెనక పలక మీద నంబరు రాస్తున్నాడు. నేను తప్పించుకుని పోదామనుకున్నాను, ఆయనే చూశాడు.

"సారూ! మంచిగున్నరా? ఇటెందుకొచ్చిన్రు?"

బ్రష్షు డబ్బాలో పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని, డ్రైవర్‌తో "మా సారు, కథలు రాస్తడు" అన్నాడు. టీ చెప్పాడు. వద్దన్నా వినలేదు. నా ఆరోగ్యం అడిగాడు, అమ్మాయి ఎక్కడుందని అడిగాడు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. అంతలో ఆయనే, టీ గ్లాసు వైపు చూస్తూ అడిగాడు.

"ఆకరికి ఏం జేసిన్రు సారూ ఆయనను? తెడ్డు ఇచ్చిండా?"

"ఇచ్చిండు," అన్నాను.

నాకే తెలియకుండా వచ్చేసింది. ఒకసారి వచ్చాక ఇంకా వచ్చింది. "సారును ఒప్పిచ్చిన. నీ ఎనిమిది బొమ్మలు గట్లనే ఉన్నయ్. ఇగ నువ్వు నడుపు అని ఇచ్చి, ఒడ్డుకు పోయి కూసున్నడు. ఆడినోళ్లంత మంచిగున్నదన్నరు."

ఆయన ముఖం ఎంత వెలిగిందో! అలా వెలగడం నేను మరే శ్రోత ముఖంలోనూ చూడలేదు. ఇన్ని నాటకాలు రాశాను, ఒక్కరి దగ్గరా రాని వెలుగు అది. టీ పూర్తిగా తాగాడు. గ్లాసు కడిగి పెట్టాడు. తిరిగి లారీ దగ్గరికి వెళ్లి, బ్రష్షు తీసుకుని, నంబరులో ఆఖరి అంకె నిదానంగా దిద్దాడు.

తరువాత, నావైపు తిరగకుండానే అన్నాడు. "కండక్టర్ ఫోన్ల ఆడిన సారూ. ఆకరి దాంక ఆడిన. నేర్పుకుంటనే ఉన్నడు."

నేను లేచి నిలబడ్డాను.

"అయినా," అన్నాడు ఆయన, "మీరు ఇచ్చిండు అనంగనే నమ్మిన."